బడిలో మీ బిడ్డకు కావాల్సిన సర్దుబాట్లు రాబట్టుకోవడం ఎలా?

"సర్టిఫికెట్ జిరాక్స్ ఇచ్చాం, డాక్టరు రిపోర్టు ఇచ్చాం. ఏడాది గడిచింది, క్లాసులో ఏమీ మారలేదు. ఇంకేం చేయాలి?" డిస్లెక్సియా, ఆటిజం, వినికిడి లోపం, సెరిబ్రల్ పాల్సీ... పిల్లల ఇబ్బంది ఏదైనా తల్లిదండ్రులు అడిగేది ఇదే. సర్టిఫికెట్ చూస్తే బిడ్డకు ఏముందో బడికి తెలుస్తుంది. రేపు మూడో పీరియడ్‌లో టీచర్ ఏం చేయాలో మాత్రం అందులో ఉండదు. ఆ సంగతి, అంటే అదే పాఠం బిడ్డకు అందేలా చేసే సర్దుబాట్లు, మీరే కాగితం మీద పెట్టి అడగాలి. ఎలా అడగాలో, అడిగింది జరుగుతోందో లేదో ఎలా చూసుకోవాలో కింద ఉంది. ఇది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ప్రభుత్వ, ప్రైవేటు బడులు రెండింటికీ పనికొస్తుంది.

చట్టం గురించి ఇంత తెలిస్తే చాలు

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లో సెక్షన్ 16, 17 గుర్తుపెట్టుకోండి. ప్రభుత్వ నిధులతో నడిచే బడులే కాదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులు కూడా సెక్షన్ 16 కిందికి వస్తాయి. అంటే మీ ప్రైవేటు బడి కూడా. వివక్ష లేకుండా చేర్చుకోవడం, బిడ్డ అవసరాన్ని బట్టి తగిన సర్దుబాట్లు చేయడం, చదువులో లోపాలను త్వరగా గుర్తించడం, పురోగతిని గమనించడం అందులోని పనులు. పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్ (బిడ్డ చెబితే జవాబు రాసిపెట్టే వ్యక్తి), రెండో, మూడో భాష మినహాయింపు వంటివి సెక్షన్ 17లో ఉన్నాయి.

చాలామంది పొరబడేది 40 శాతం దగ్గర. ఉచిత విద్య (6 నుంచి 18 ఏళ్ల వరకు, సెక్షన్ 31) వంటి కొన్ని హక్కులకు 40 శాతం వైకల్యం ఉండాలి. తరగతిలో సర్దుబాట్లు అడగడానికి సెక్షన్ 16 ఆ శాతం పెట్టలేదు. "మీవాడికి 30 శాతమే కదా" అని ఎవరైనా అంటే ఈ తేడా చెప్పండి.

ఇంకొకటి. అమెరికా వెబ్‌సైట్లు చదివి "మా పాపకు ఐఈపీ ఇవ్వాలి, అది మా హక్కు" అని వెళ్లేవాళ్లు ఉన్నారు. ఐఈపీ అంటే ఒక్కో బిడ్డకు విడిగా రాసే విద్యా ప్రణాళిక. ఆ మాట మన 2016 చట్టంలో లేదు. కేంద్ర విద్యా పథకమైన సమగ్ర శిక్షలోనూ స్పెషల్ ఎడ్యుకేటర్ల పనిలోనూ ఐఈపీ రాస్తారు, అడిగి రాయించుకోవడం మంచిదే. కానీ హక్కుగా అడగాల్సిన మాట "తగిన సర్దుబాట్లు". లేని సెక్షన్ పేరు చెబితే ఉన్న సెక్షన్ బలం కూడా పోతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక బాక్స్ ఫైలు, అందులో తేదీల వరుసలో కాగితాలు. అన్నిటికంటే కొత్తది పైన.
- గత రెండేళ్ల మార్కుల జాబితాలు, రెండు మూడు జవాబు పత్రాలు, ఒక క్లాస్‌వర్క్ నోట్‌బుక్.
- కంటి పరీక్ష, వినికిడి పరీక్ష రిపోర్టులు.
- అసెస్‌మెంట్ రిపోర్టు. సర్టిఫికెట్ లేదా యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) ఉంటే అది కూడా.
- డైరీ, స్టాప్‌వాచ్ ఉన్న ఫోను.

ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి. రిపోర్టు మొత్తం కూడా ఇవ్వనక్కర్లేదు. ఐక్యూ అంకెలు, ఇంటి విషయాలు ఉన్న పేజీలు స్టాఫ్‌రూమ్‌లో చేతులు మారాల్సిన పనిలేదు. నిర్ధారణ ఉన్న పేజీ, సిఫారసులు ఉన్న పేజీ చాలు.

1. రెండు వారాలు చూసి రాయండి

"చదవడం లేదు", "శ్రద్ధ లేదు" అని రాయకండి. కంటికి కనిపించిందే రాయండి. ఎప్పుడు, ఏ పనిలో, ఎంతసేపట్లో, ఎంత చేశాడు?

ఇలా ఉండాలి: "సోషల్ నోట్స్. బోర్డు మీద 8 వరుసలు. 10 నిమిషాల్లో 3 వరుసలు ఎక్కించాడు, రెండు చోట్ల వరుస దాటేశాడు. అదే పాఠం నోటితో అడిగితే 5 ప్రశ్నల్లో 4 చెప్పాడు." ఈ నాలుగు వాక్యాల్లోనే అడగాల్సింది బయటపడుతుంది. పిల్లాడికి పాఠం వచ్చు, బోర్డు నుంచి ఎక్కించుకోవడమే రాదు. "బాగా వెనుకబడ్డాడు" అని రాస్తే మీకు దక్కేది "ట్యూషన్ పెట్టండి" అన్న సలహానే.

ఇదే సమయంలో మొదటి కొలత తీసుకోండి. తరగతి పుస్తకంలో ఇంతకు ముందు చదవని పేరా ఒక నిమిషం చదివించి, సరిగ్గా చదివిన మాటలు లెక్కపెట్టండి. మూడు రోజులు మూడు వేర్వేరు పేరాలతో చేసి, మూడు అంకెల్లో మధ్యది తీసుకోండి. ఒక్కరోజు అంకెను నమ్మకండి. నిద్ర చాలకపోయినా పది మాటలు తగ్గుతాయి.

2. ముందు కళ్లు, చెవులు. తర్వాతే మిగతావి

దీన్ని దాటేసి నేరుగా సైకాలజిస్టు దగ్గరికి వెళ్లడం మామూలు తప్పు. దూరపు చూపు తక్కువైనా, చెవిలో నీరు చేరి వినికిడి తగ్గినా పైకి అచ్చం "శ్రద్ధ లేనట్టే" కనిపిస్తుంది. జిల్లా ఆసుపత్రుల్లోని డీఈఐసీల్లో (పిల్లల లోపాలను తొందరగా గుర్తించే కేంద్రాలు), ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) బృందాల ద్వారా ఈ పరీక్షలు ఉచితంగా చేయించుకోవచ్చు.

ఆ తర్వాత అసెస్‌మెంట్. చేసేవారు స్పెషల్ ఎడ్యుకేటర్ లేదా రిహాబిలిటేషన్ సైకాలజిస్టు అయితే వాళ్ల ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) నమోదు సంఖ్య అడగండి, రిపోర్టు మీద ఆ సంఖ్య ఉండాలి. సికింద్రాబాద్‌లోని ఎన్‌ఐఈపీఐడీ మేధో వైకల్యానికి సంబంధించిన జాతీయ సంస్థ. మండల స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు, వాటిలో పనిచేసే ఐఈఆర్‌పీలు (ఆ పిల్లలకు నేర్పే రిసోర్స్ పర్సన్లు) ఉన్నారు. అసెస్‌మెంట్ కోసం ఎదురుచూసే లోపే బడిని "ప్రశస్త్ యాప్‌లో స్క్రీనింగ్ చేశారా?" అని అడగండి. టీచర్లే ప్రాథమిక పరిశీలన చేయడానికి ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన యాప్ అది. అందులో వచ్చిన ఫలితం నిర్ధారణ కాదు, దాన్ని పట్టుకుని ముద్ర వేయనివ్వకండి.

రిపోర్టు చేతికి రాగానే చివరి పేజీ చూడండి. "పరీక్షల్లో గంటకు 20 నిమిషాలు అదనంగా", "ప్రశ్నలు చదివి వినిపించాలి" లాంటి స్పష్టమైన సిఫారసులు ఉన్నాయా? "ప్రత్యేక శ్రద్ధ అవసరం" అని మాత్రమే ఉంటే బడిలో అది పనికిరాదు. అక్కడికక్కడే అడిగి రాయించుకోండి. ఇంటికొచ్చాక మళ్లీ వెళ్లి రాయించడం పది రెట్లు కష్టం.

3. సర్టిఫికెట్

2021 జూన్ నుంచి దేశమంతా వైకల్య ధ్రువపత్రాలు యూడీఐడీ పోర్టల్ ద్వారానే జారీ కావాలి. మనకు అలవాటైన పేరు సదరం. స్లాట్ ఎక్కడ తీసుకోవాలో మీసేవలో గానీ, ఆంధ్రాలో అయితే గ్రామ, వార్డు సచివాలయంలో గానీ కనుక్కుని వెళ్లండి. ఆధార్‌లో, బడి రికార్డులో, దరఖాస్తులో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. దరఖాస్తులు ఆగిపోవడానికి మామూలుగా ఇదే కారణం.

నిర్దిష్ట అభ్యసన వైకల్యానికి, అంటే డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది), డిస్‌గ్రాఫియా (రాయడంలో), డిస్‌కాల్క్యులియా (లెక్కల్లో) వంటివాటికి 8 ఏళ్లు నిండాకే సర్టిఫికెట్ ఇస్తారు. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం 14 ఏళ్లకు, 18 ఏళ్లకు మళ్లీ పరీక్ష చేయించాలి. 14 అంటే తొమ్మిదో తరగతి దాకా వచ్చినట్టే. ఆ ఏడాది మర్చిపోయిన వాళ్లు పదో తరగతి పరీక్షల ముందు గడువు తీరిన కాగితం పట్టుకుని తిరుగుతుంటారు. క్యాలెండర్‌లో ఇప్పుడే రాసుకోండి.

ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరని ఇబ్బంది) విషయం వేరు. చట్టం జాబితాలోని 21 వైకల్యాల్లో అది పేరుతో లేదు. చాలామంది పిల్లల్లో దానితోపాటు అభ్యసన వైకల్యం కూడా ఉంటుంది కాబట్టి రెండోదానికీ పరీక్ష చేయించండి. అది లేకపోతే డాక్టరు రిపోర్టు మీద బడితో మాట్లాడుకుని సర్దుబాట్లు తెచ్చుకోవాలి. చాలా బడులు క్లాసులో ఇస్తాయి, చిక్కంతా బోర్డు పరీక్షల్లో.

సర్టిఫికెట్ వచ్చాక హెచ్‌ఎంను ఒక్క మాట అడగండి: "యూడైస్ ప్లస్‌లో మావాడి ఎంట్రీ సీడబ్ల్యూఎస్‌ఎన్ అని మార్చారా?" యూడైస్ ప్లస్ అంటే బడుల, విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్, సీడబ్ల్యూఎస్‌ఎన్ అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలు. ఆ ఎంట్రీ మారకపోతే ప్రభుత్వ లెక్కల్లో మీ బిడ్డ లేనట్టే. రవాణా భత్యం, ఎస్కార్ట్ భత్యం, ఉపకరణాలు, ఆడపిల్లలకు సమగ్ర శిక్ష కింద నెలకు 200 రూపాయల చొప్పున 10 నెలలు వచ్చే స్టైపెండ్, వీటన్నిటికీ ఆ ఎంట్రీయే ఆధారం.

4. నాలుగు కోరికలకు కుదించండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇది. పదిహేను అడిగితే బడి వింటుంది, తల ఊపుతుంది, ఒక్కటీ చేయదు. నాలుగు అడగండి. అందులో మూడింటికి ఖర్చు ఉండకూడదు. చట్టంలో "మోయలేని భారం" అయితే సర్దుబాటు కాదనే వీలుంది. ఖర్చులేని పనికి ఆ సాకు చెప్పలేరు.

ప్రతి కోరికనూ నాలుగు ప్రశ్నలతో పరీక్షించండి. ఎవరు చేయాలి? ఎప్పుడు? ఎంత? జరిగిందని ఎలా తెలుస్తుంది? దేనికి జవాబు లేకపోయినా ఆ కోరికను తిరగరాయండి. "కొంచెం ఎక్కువ టైం ఇవ్వండి" పనికిరాదు. "ప్రతి యూనిట్ టెస్టులో గంటకు 20 నిమిషాలు అదనంగా. మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం ఇన్విజిలేటర్ జవాబు పత్రం మీద రాయాలి." ఇది పనికొస్తుంది.

ఇబ్బందిని బట్టి అడగదగ్గవి కొన్ని:

బోర్డు మీది ఎక్కించుకోలేకపోతే: టీచర్ నోట్స్ జిరాక్స్, లేదా పీరియడ్ చివర బోర్డు ఫొటో. "పక్కవాడి నోట్‌బుక్ చూసి రాసుకోమంటాం" అనేది సర్దుబాటు కాదు. చూసి రాయడమే కదా వాడికి కష్టం!

చదవడం నెమ్మదైతే: పరీక్షలో ప్రశ్నలు చదివి వినిపించాలి. క్లాసులో గట్టిగా చదివించేటట్టయితే ఏ పేరా అన్నది ముందురోజే చెప్పాలి. సైన్స్, సోషల్‌లో అక్షరదోషాలకు మార్కులు కోయకూడదు.

నిలకడగా కూర్చోలేకపోతే: పీరియడ్ మధ్యలో లేచి చేసే ఒక చిన్న పని, పుస్తకాలు పంచడం లాంటిది. హోంవర్క్‌లో 2, 4, 6 ఇలా సరిసంఖ్య నంబరున్న లెక్కలు మాత్రమే. ఒకేసారి ఒకే సూచన.

ఆటిజం అయితే: ఆ రోజు టైం టేబుల్ బెంచీ మీద బొమ్మలతో, మార్పు ఉంటే ముందుగా చెప్పడం. అసెంబ్లీలో మైకు పక్కన కాకుండా వరుస చివర నిలబెట్టడం.

వినికిడి తక్కువైతే: "ముందు బెంచీ" అని అడిగి వదిలేయకండి. బాగా వినిపించే చెవి ఏదో చెప్పి, అది టీచర్ వైపు ఉండేలా సీటు అడగండి. టీచర్ బోర్డు వైపు తిరిగి మాట్లాడకూడదు. హియరింగ్ ఎయిడ్ పెట్టుకున్నా రెండు మీటర్లు దాటితే, ఫ్యాను చప్పుడు తోడైతే మాటలు కలగాపులగమైపోతాయి.

చూపు తక్కువైతే: "పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం" అంటే చాలదు, సైజు చెప్పండి. ఏ4 పేపరును ఏ3 మీద జిరాక్స్ తీస్తే పెరిగేది 1.4 రెట్లే. 12 పాయింట్ల అక్షరం 17 అవుతుంది. మీ పాపకు 24 కావాలంటే ఆ పద్ధతి కుదరదు, మళ్లీ టైపు చేయించాలి. ఇంట్లో 18, 20, 24 పాయింట్లలో ప్రింట్ తీసి, అరగంట చదివాక కూడా అలసట రాని సైజు ఏదో చూసుకుని వెళ్లండి.

మెట్లెక్కలేకపోతే: ఆ సెక్షన్‌నే గ్రౌండ్ ఫ్లోర్‌కు మార్చమనండి. ఒక్క బిడ్డను వేరే గదిలో కూర్చోబెట్టడం పరిష్కారం కాదు.

మూడు మాటల తేడా ఇక్కడే గుర్తుంచుకోండి. సర్దుబాటు అంటే అదే పాఠం, దారి వేరు. అదనపు బోధన అంటే రానిది నేర్పడం. మినహాయింపు అంటే ఆ పాఠమే వదిలేయడం. అదనపు సమయం ఇస్తే చదవడం రాదు. చదవడం నేర్పేది అదనపు బోధనే, వారానికి ఎన్ని పీరియడ్లో, ఎవరు చెబుతారో అది విడిగా అడగాలి. మినహాయింపులు చివరిమాటగా ఉంచుకోండి. సీబీఎస్‌ఈలో దివ్యాంగ విద్యార్థులు పదో తరగతిలో లెక్కలు లేకుండా వేరే సబ్జెక్టులు ఎంచుకునే వీలుంది. హాయిగానే ఉంటుంది, కానీ తర్వాత ఎంపీసీ, పాలిటెక్నిక్ దారులు మూసుకుపోతాయి. ఎనిమిదో తరగతిలో ఈ నిర్ణయం తొందరపడి తీసుకోకండి.

5. ఉత్తరం ఇవ్వండి

గేటు దగ్గర మాట్లాడింది, ఫోన్లో ఒప్పుకున్నది లెక్కలోకి రాదు. టీచర్ మారితే ఆ మాట కూడా ఆమెతోనే వెళ్లిపోతుంది. ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. ఇలా రాయవచ్చు:

"గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి,

విషయం: 5వ తరగతి బి సెక్షన్, అడ్మిషన్ నంబర్ ........ విద్యార్థికి తరగతిలో, పరీక్షల్లో సర్దుబాట్లు కోరుతూ.

మా అబ్బాయికి అభ్యసన వైకల్యం ఉన్నట్టు ........ తేదీన నిర్ధారణ అయింది. సిఫారసుల పేజీ జతచేశాం. పాఠం నోటితో అడిగితే చెప్పగలుగుతున్నాడు. బోర్డు మీది రాసుకోవడంలో, పరీక్ష సమయానికి ముగించడంలో ఇబ్బంది పడుతున్నాడు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 సెక్షన్ 16 ప్రకారం ఈ కింది సర్దుబాట్లు కోరుతున్నాం:
1. ........ 2. ........ 3. ........ 4. ........
వీటి గురించి మాట్లాడేందుకు క్లాస్ టీచర్ గారితో కలిపి 10 రోజుల్లోగా ఒక సమయం ఇవ్వగలరు. అంగీకరించలేనిది ఏదైనా ఉంటే కారణం రాతపూర్వకంగా తెలియజేయగలరు."

చివరి వాక్యం తీసేయకండి. కాదని నోటితో అనడం తేలిక, సంతకం పెట్టి అనడం కష్టం.

రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద బడి ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. వేయకపోతే గొడవ పడకండి. అదే ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఫైల్లో పెట్టండి, బడి ఈమెయిల్‌కు కూడా పంపండి. వాట్సాప్ ఒక్కటే పంపి ఊరుకోవద్దు. ఆ సందేశం క్లాస్ టీచర్ సొంత ఫోనుకు వెళ్తుంది, బడి రికార్డులోకి ఎక్కదు.

6. మీటింగ్

ఇద్దరు వెళ్లండి. ఒకరు మాట్లాడాలి, ఇంకొకరు రాసుకోవాలి. భార్యాభర్తలిద్దరూ ఒకేసారి మాట్లాడితే ఏం ఒప్పుకున్నారో ఇద్దరికీ గుర్తుండదు. అరగంట చాలు.

క్లాస్ టీచర్‌ను ముందు మాట్లాడనివ్వండి. "సార్, మీకు క్లాసులో ఎక్కడ కష్టంగా ఉంటోంది?" అని మొదలుపెడితే సగం బిగువు సడలుతుంది. 40 మంది ఉన్న గదిలో ఆయన పడే పాట్లు నిజమైనవే. మీ నోట్స్‌లోని ఆ నాలుగు వాక్యాలు, పక్కన నోట్‌బుక్ పేజీ తెరిచి చూపించండి. సెక్షన్ నంబర్లు ఉత్తరంలో ఉన్నాయి, నోటితో చదవనక్కర్లేదు.

తరచూ వినిపించే మాటలు, మీరు అనదగ్గవి:

"ఒక్కరికి ఇస్తే అందరూ అడుగుతారు." — "రిపోర్టు ఉన్నవాళ్లకే ఇవ్వండి సార్, మావాడి రిపోర్టు ఇదిగో."

"మా బడిలో స్పెషల్ ఎడ్యుకేటర్ లేరు." — సీబీఎస్‌ఈ బడి అయితే అఫిలియేషన్ నిబంధనల ప్రకారం ఉండాలి. ప్రభుత్వ బడి అయితే మండల ఐఈఆర్‌పీని పిలిపించమనండి. సుప్రీంకోర్టు 2021లో చెప్పిన ప్రమాణం ప్రకారం ప్రాథమిక తరగతుల్లో అలాంటి పిల్లలు 10 మందికి, పై తరగతుల్లో 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు కావాలి. అయినా మీరడిగిన నాలుగింటిలో మూడు స్పెషల్ ఎడ్యుకేటర్ లేకుండానే చేయగలిగినవి. మాటను అటువైపే తిప్పండి.

"షాడో టీచర్‌ను మీరే పెట్టుకోండి, జీతం మీదే." — షాడో టీచర్ అంటే క్లాసులో మీ బిడ్డ పక్కనే ఉండి సాయం చేసేవారు. వెంటనే ఊ అనకండి. ఏ పీరియడ్లకు, ఏ పనులకు అవసరమో రాసి ఇవ్వమనండి. ఒప్పుకోక తప్పకపోతే, ఎన్ని నెలలకు ఎలా తగ్గించాలో కూడా అందులో ఉండాలి. లేకపోతే క్లాస్ టీచర్ ఆ బిడ్డ వైపు చూడటమే మానేస్తారు.

"ఇంట్లోనే ఉంచి చదివించండి." — విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణలో, తీవ్ర వైకల్యం లేదా బహుళ వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి దగ్గర చదువు ఎంచుకునే హక్కు ఉంది. ఆ ఎంపిక మీది. బడి మీ మీద రుద్దేది కాదు.

"టీసీ తీసుకెళ్లండి." — టీసీ కోరుతూ దేనిమీదా సంతకం పెట్టకండి. కోపంలో పెట్టిన ఆ ఒక్క సంతకంతో "తల్లిదండ్రులే తీసుకెళ్లారు" అని రికార్డు తయారవుతుంది.

7. మర్నాటికల్లా మీరే రాసి పంపండి

మినిట్స్ బడి రాస్తుందని చూడకండి. "నిన్న మన మీటింగ్‌లో అనుకున్నవి" అని ఐదారు వరుసల ఈమెయిల్ మీరే పంపండి. ఏది ఒప్పుకున్నారు, ఎవరు చేస్తారు, ఏ తేదీ నుంచి, మళ్లీ ఎప్పుడు కలుస్తాం. చివర్లో "ఏదైనా తప్పుగా రాసి ఉంటే ఈ వారంలో చెప్పండి". జవాబు రాకపోయినా ఆ మెయిల్ నిలబడుతుంది. సబ్జెక్టు టీచర్లందరికీ అందేలా ఒప్పుకున్న నాలుగు అంశాలు పోస్టుకార్డంత అట్టముక్క మీద రాసి డైరీ మొదటి పేజీలో అంటించండి. సెలవు పెట్టిన టీచర్ బదులు వచ్చినవారికి కూడా అదే దారి చూపిస్తుంది.

8. ఆరు వారాలకు సరిచూడండి

రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకోండి. ఒప్పుకున్నది జరుగుతోందా? జరుగుతుంటే ఫలితం ఉందా?

మొదటిదానికి పిల్లాణ్ని రోజూ గుచ్చి గుచ్చి అడగకండి. కాగితాలే చెబుతాయి. జవాబు పత్రం మీద సమయం రాశారా? నోట్స్ జిరాక్సులు వారానికి ఎన్ని వచ్చాయి? ఆరు వారాల్లో నాలుగు టెస్టులు జరిగితే, రెండింటిలోనే అదనపు సమయం ఇస్తే, "2/4" అని రాసుకోండి. "అస్సలు ఇవ్వడం లేదు" అని వెళ్తే ఆ రెండూ తీసి చూపిస్తారు, మీరు అబద్ధమాడినట్టు అవుతుంది.

రెండోదానికి మొదటి వారంలో తీసిన కొలతే మళ్లీ తీయండి. అదే పద్ధతి, మూడు పేరాలు, మధ్య అంకె. ఏ సర్దుబాటుకు ఏ కొలతో కలిపి చూడండి. అదనపు సమయం పని చేస్తే చివరి ప్రశ్నలకు జవాబులు ఉంటాయి, ఖాళీలు తగ్గుతాయి. చదివే వేగం మాత్రం మొదటి కొలత దగ్గరే ఉండొచ్చు. అప్పుడు తప్పు అదనపు సమయానిది కాదు, అదనపు బోధన జరగడం లేదన్నమాట. ఖాళీలు కూడా తగ్గకపోతే సర్దుబాటే సరిపోలేదు, ఇంకోటి ప్రయత్నించండి.

9. బోర్డు పరీక్షలకు ఏడాది ముందే

సీబీఎస్‌ఈలో తొమ్మిదో తరగతి రిజిస్ట్రేషన్ సమయంలోనే వైకల్యం వివరాలు సరిగ్గా ఎక్కించాలి, పదో తరగతి జాబితా పంపేటప్పుడు మళ్లీ సరిచూసుకోవాలి. స్టేట్ బోర్డులో హెచ్‌ఎం ద్వారా నామినల్ రోల్స్‌తోపాటే ప్రభుత్వ పరీక్షల విభాగానికి దరఖాస్తు వెళ్లాలి. హాల్ టికెట్ వచ్చాక పరుగెత్తితే ఎక్కువసార్లు ఆలస్యమే.

సీబీఎస్‌ఈలో 3 గంటల పేపరుకు 60 నిమిషాలు, 2 గంటల పేపరుకు 40 నిమిషాలు అదనం. స్క్రైబ్ తప్పనిసరిగా 40 శాతం ఉన్నవారికే అన్న వాదన వస్తే, 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆ పరిమితిని ఒప్పుకోలేదని, 2022 ఆగస్టులో కేంద్రం 40 శాతం లోపు ఉండి రాయలేనివారికి విడిగా మార్గదర్శకాలు ఇచ్చిందని చెప్పండి.

స్క్రైబ్ అనుమతి దొరికితే పని అయిపోయిందనుకోవద్దు. చెప్పి రాయించడం కూడా నేర్చుకోవాల్సిన పనే. "ఇక్కడ ఫుల్‌స్టాప్, పక్క పేరా, బొమ్మ కింద పేరు" అని చెప్పడం పిల్లలకు అలవాటు ఉండదు. లెక్కల్లో మరీ కష్టం: "బ్రాకెట్లో ఎక్స్ ప్లస్ రెండు, బ్రాకెట్ మూసి, మొత్తానికి స్క్వేర్" అని చెప్పలేక సరైన జవాబు తప్పుగా పడుతుంది. పూర్తి నిడివి పేపర్లు కనీసం మూడు, స్క్రైబ్‌తోనే, బడిలోనే రాయించండి.

10. అయినా కదలకపోతే

మెట్టు మెట్టుగా వెళ్లండి. ఒక్కో మెట్టు దగ్గర 15 రోజులు ఆగండి. ముందు హెచ్‌ఎంకు రెండో ఉత్తరం, మొదటి ఉత్తరం తేదీ చెబుతూ. తర్వాత ఎంఈఓ, ఆపైన డీఈఓ. సీబీఎస్‌ఈ బడి అయితే బోర్డు ప్రాంతీయ కార్యాలయానికి కూడా కాపీ పెట్టండి. ఆపైన రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్. ఆయన సిఫారసు చేస్తే ఏ చర్య తీసుకున్నారో సంబంధిత అధికారి 3 నెలల్లో తెలపాలని చట్టంలో ఉంది. కొట్టడం, అవమానించడం ఉంటే మాత్రం మెట్లు చూడకండి, నేరుగా రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు రాయండి.

ఫిర్యాదులో పెట్టాల్సింది మూడు జతలే: మీ ఉత్తరం, మీటింగ్ మర్నాటి ఈమెయిల్, ఆరు వారాల లెక్క. పది పేజీల బాధ రాస్తే చదివేవారుండరు. ప్రైవేటు బడిని సమాచార హక్కు కింద నేరుగా అడగడం కుదరదు. డీఈఓ కార్యాలయానికి దరఖాస్తు పెట్టి, ఆ బడి గుర్తింపు ఉత్తర్వు, తనిఖీ నివేదిక అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

బడి మార్చాలని నిర్ణయించుకుంటే, కొత్త చోట సీటు ఖాయమయ్యేదాకా పాతచోట ఫిర్యాదు ఉపసంహరించుకోకండి. ఓపెన్ స్కూల్ కూడా మంచి దారే. ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్ సంస్థ), రెండు రాష్ట్రాల ఓపెన్ స్కూల్ సొసైటీలు ఉన్నాయి, ఒక్కో సబ్జెక్టు విడిగా పూర్తి చేసుకోవచ్చు. కాకపోతే రోజూ తోటిపిల్లల మధ్య ఉండే అవకాశం అక్కడ దొరకదు. పదేళ్లలోపు పిల్లలకు నేనైతే అది చెప్పను.

జూన్‌లో మళ్లీ ఒకసారి

టీచర్ మారగానే అంతా మొదటికొస్తుంది. బడి తెరిచిన మొదటి వారంలోనే కొత్త క్లాస్ టీచర్‌కు ఒక పేజీ ఇవ్వండి. పైన బిడ్డకు బాగా వచ్చే మూడు పనులు, మధ్యలో గతేడాది పని చేసిన సర్దుబాట్లు, కింద పని చేయనివి. ముద్ర వేసిన పాత ఉత్తరం జిరాక్స్ వెనక పిన్ చేయండి. డైరీ కూడా కొత్తదే కాబట్టి ఆ అట్టముక్క మళ్లీ అంటించడం మర్చిపోకండి.